క్రిస్టఫర్ స్ట్రేచీ

కంప్యూటరుకు ఆదేశాలు వ్రాసే ప్రతి విద్యార్థికీ ఒక సందేహం రాక మానదు. ఈ వాక్యానికి ఇదే అర్థమని నిర్ణయించినవారెవరు? ఆ ప్రశ్నతో జీవితమంతా పెనుగులాడిన స్ట్రేచీ గారిని గూర్చి కొంత మనవి చేయదలిచాము.

ఆయన 1916 నవంబరు 16న లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో జన్మించారు. తండ్రి ఆలివర్ గూఢలిపి నిపుణులు. తల్లి రే స్త్రీల ఓటుహక్కు కొరకు పాటుపడిన రచయిత్రి. కేంబ్రిడ్జిలో చదువు నడుమ మానసికంగా కుంగిపోయారు, పట్టా సామాన్య శ్రేణిలో వచ్చింది. కొన్నేళ్లకు బడిపంతులయ్యారు. హారో పాఠశాలలో పాఠాలు చెబుతూనే డ్రాఫ్ట్స్ అనే పావుల ఆటకు ప్రోగ్రాము వ్రాశారు. 1952 నాటికి మాంచెస్టర్ యంత్రం ఆ ఆట ఆడింది. (మార్కులు తక్కువ వచ్చినవారు ఈ భాగాన్ని మరొకమారు చదువుకోవచ్చును.) తరువాత ఇతరులతో కలిసి రూపొందించిన సి.పి.ఎల్. భాష నేటి సి భాషకు ముత్తాత. 1965లో ఆక్స్‌ఫర్డు చేరారు.

1960 నాటి ఆల్గాల్ నివేదికలో వాక్యనిర్మాణ నియమాలు కట్టుదిట్టంగా ఉన్నా, అర్థాన్ని మామూలు ఇంగ్లీషులోనే చెప్పారు, సందిగ్ధాలు మిగిలాయి. స్ట్రేచీ గారు అర్థాన్ని గణిత ప్రమేయాలుగా చెప్పబూనారు. కాని ‘క’కు ‘ఖ’ విలువ నిమ్మనే చిన్న ఆదేశంలోనే ఎంత పని! ‘ఖ’ స్థానం వెదకాలి, అందలి విలువ తీయాలి, ‘క’ స్థానంలో ఉంచాలి, తక్కిన స్థానాలు చెక్కుచెదరరాదు. ఇదంతా ప్రతి సూత్రంలోనూ వ్రాస్తే చదవడం ఎవరి తరం? అందుచేత విలువను చదివే ప్రమేయానికొక పేరు, మార్చే ప్రమేయానికొక పేరు పెట్టి, సూత్రాలలో ఆ పేర్లనే వాడారు. ఈ సహాయ ప్రమేయాలు భాషలోనివి కావు. ప్రోగ్రాము వ్రాసేవారు వాటిని పిలవలేరు. వంటింటి గరిటెను విస్తరిలో వడ్డించరు కదా!

అయితే పేరు పెట్టినంతమాత్రాన చిక్కు తీరదు. ఆయన సూత్రాలలోని ప్రమేయాలు తమకు తామే వర్తించేవి. అట్టివి గణితంలో నిజంగా ఉన్నవని అప్పటికి రుజువు లేదు. 1969లో ఆక్స్‌ఫర్డుకు వచ్చిన డేనా స్కాట్ మొదట ఈ లోపాన్నే ఎత్తిచూపి, పిదప తానే పునాది కట్టి ఇచ్చారు. లోపం చూపినవారితోనే కలిసి 1971లో వ్యాసం వ్రాసిన స్ట్రేచీ గారి సహృదయత మాకు ఎక్కువ ముచ్చటగా తోచింది.

డాక్టరేటు లేకయే ఆచార్యులైన ఆయన 1975 మే 18న, 58వ ఏట, కాలేయ వ్యాధితో మరణించారు. 1997లో వెలువడిన జావాస్క్రిప్ట్ ప్రమాణ గ్రంథంలోనూ విలువను సంఖ్యగా మార్చే సహాయ క్రియలున్నాయి. అవి భాషలో భాగం కావని గ్రంథకర్తలే అక్కడ చెప్పారు.