భద్రాచల రామదాసు - ఆరు లక్షల లెక్క

ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో కంచెర్ల లింగనమంత్రి, కామాంబ అనే నియోగి దంపతులకు పదునేడవ శతాబ్దిలో జన్మించిన గోపన్నయే తరువాతి కాలంలో భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైనాడు. ఆయన కీర్తన లేని భజనగోష్ఠి తెలుగుదేశంలో అరుదు. దాశరథీ శతకంలో నాలుగు పద్యాలైనా నోటికి రాని బాలుడు వెనుకటి తరంలో కనబడేవాడు కాడు. అయితే ఆ మహనీయుని కథను హరికథలలోను, నాటకాలలోను చెప్పేటప్పుడు చెరసాల వద్ద చాలసేపు నిలిచి కన్నీరు పెట్టిస్తారు గాని, ఆ చెరకు కారణమైన ధనం సంగతిని రెండు మాటలలో దాటవేస్తారు. ఆ ధనం ఎవరిది, దానిపై గోపన్నకు గల హక్కు ఎంత అనే ప్రశ్న ఆయన జీవితమంతా వెన్నంటి వచ్చినది. లోకానికి బాగుగా తెలిసిన తన కీర్తనలో ఆ ప్రశ్నను స్వయంగా వేసినవాడు కూడ ఆయనే.

లింగనమంత్రి ఇల్లు కలిగిన ఇల్లని సంప్రదాయం. తల్లిదండ్రులు గతించిన పిమ్మట గోపన్న పిత్రార్జితమంతటినీ అన్నదానానికి, భాగవతుల సేవకు ఖర్చు చేసినాడు. ఒకనాటి సంతర్పణలో ఆయన పసిబిడ్డ గంజిగుంటలో పడి మరణించగా, విస్తళ్ల ముందున్న అతిథులకు ఆ సంగతి తెలియనీయక దుఃఖాన్ని దిగమ్రింగి, అందరి భోజనాలు ముగిసిన తరువాత రామనామంతో బిడ్డను బ్రతికించుకొన్నాడని చెబుతారు. రఘునాథ భట్టాచార్యులు ఆయనకు గురువు. కబీరుదాసు తారకమంత్రం ఉపదేశించినాడనే కథ కూడ ఉన్నది గాని, కాశీలోని కబీరు గోపన్నకు నూరేండ్లకు పైగా పూర్వుడు. ఆ పేరుగల వేరొక ఫకీరు అనుకొంటే తప్ప కాలం కుదరదు.

తండ్రి సొమ్ము ఎంత ఉన్నా పెట్టే చేతికి ఎన్నాళ్లు ఆగుతుంది? కొంతకాలానికి ఇల్లు ఒట్టిపోయినది. అప్పుడు గోపన్న గోలకొండలోని మేనమామలను ఆశ్రయించినాడు. ఆ మేనమామలు సామాన్యులు కారు. అక్కన్న మాదన్నలు! వారిలో మాదన్న చిన్న వ్రాతగాడుగా కొలువులో చేరి, లెక్కలలోని నేర్పు చేతను, సమయజ్ఞత చేతను పైకి వచ్చి ఆ రాజ్యానికే ప్రధాని అయినవాడు. ఆయన ఎక్కిన మెట్లు ఆయన ఎక్కినవే అనడంలో సందేహం లేదు. మేనల్లునికి ఆ శ్రమ పడవలసిన అవసరం రాలేదు. మామగారి మాట చాలినది. గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయినాడు. అక్కామాదన్నల అక్కకు పుట్టని నియోగి బాలురు, గోపన్నతో సమానంగా చదివినవారు, ఆనాడు తెలుగు దేశంలో ఎందరు లేరు? వారెవరికీ ఆ ముద్ర, ఆ పల్లకి దక్కలేదు.

ఆ మాటకు వస్తే గోలకొండ సింహాసనం సంగతి కూడ అంతే. 1672లో మరణించిన అబ్దుల్లా కుతుబ్షాకు కుమారులు లేరు. అల్లుడైన అబుల్ హసన్ రాజ్యానికి వచ్చినాడు. ఆయనే తానీషా. షారాజు అనే సూఫీ గురువును ఆశ్రయించి, ఫకీరు వలె చాలకాలం గడిపిన అతనికి మామగారి మూలంగా వజ్రాల గనులున్న దేశం చేతికి వచ్చినది. ప్రభువుకు పిల్లనిచ్చిన మామ, తహసీల్దారుకు తల్లి తోబుట్టువైన మామ! ఇది పరిహాసం కాదు. ఈ మామల ప్రసక్తి తరువాత రామదాసు నోట మరొక విధంగా వస్తుంది.

గోపన్న అధికారిగా భద్రాద్రికి రాకముందే అక్కడ స్వామి ఉన్నాడు. భద్రమహర్షి తపస్సుకు మెచ్చి వెలసిన చతుర్భుజ రాముడు, అంకమున సీతమ్మతో, ప్రక్కన లక్ష్మణునితో పుట్టలో మరుగుపడి ఉండగా, పోకల దమ్మక్క అనే పేద భక్తురాలికి స్వప్నంలో ఆనవాలు చెప్పినాడని స్థలపురాణం. ఆమె గోదావరి నీటిని బిందెలతో మోసి తెచ్చి ఆ పుట్టను కరిగించినది. బయటపడిన మూర్తులకు తాటాకు పందిరి వేసి, దొరికిన పండో ఫలమో, తాటిపండు సైతం, నివేదన చేస్తూ వచ్చినది. ఆమెకు మేనమామ సిఫారసు లేదు. పిత్రార్జితం లేదు. ఆమె పెట్టిన పండు ఆమె ఏరుకొన్నది, ఆమె పోసిన నీరు ఆమె మోసినది. భద్రాద్రి రామునికి జరిగిన కైంకర్యాలలో ఎవరి సొమ్మని అడగవలసిన పని లేనిది అదొక్కటేనేమో!

తహసీల్దారుగా పర్యటిస్తూ వచ్చిన గోపన్న ఆ పందిరిని చూచి చలించినాడు. జగదేకవీరునికి తాటాకుల నీడయా అని మనస్సు కలగినది. అక్కడి నుండి జరిగినది అందరూ ఎరిగినదే. గోపుర ప్రాకారాలు లేచినవి, మండపాలు వెలసినవి, బంగారు నగలు, పచ్చల పతకాలు తయారైనవి. భక్తులు చందాలిచ్చినారని, అవి చాలక గోపన్న సర్కారు పైకం వాడినాడని ఒక కథనం. ప్రభువు అనుమతి కోసం విన్నపం పంపి, జవాబు రాకముందే పని మొదలుపెట్టినాడని మరొక కథనం. వాడిన మొత్తం ఆరు లక్షలు. వరహాలని కొందరు, మొహరీలని కొందరు అంటారు గాని, ఆరు లక్షలన్న అంకె మాత్రం మారదు.

ఇక్కడ ధర్మశాస్త్రం మాట వినక తప్పదు. దానానికి, దేవకార్యానికి న్యాయార్జితమైన ద్రవ్యమే తగినదని మన స్మృతికారులు నిష్కర్షగా చెప్పినారు. రక్షణకు ప్రతిఫలంగా పంటలో ఆరవ పాలు రాజుకు చెల్లవలెనని కూడ వారే చెప్పినారు. పాల్వంచ పరగణాలో దుక్కి దున్నిన కాపు తన పంట నుండి తీసి ఇచ్చినది ఆ పాలు. అది చేరవలసినది బొక్కసానికి. నడుమ కొన్నాళ్లు తహసీల్దారు చేతిలో నిలిచినది. అటువంటి ధనాన్ని న్యాసమంటారు, అనగా ఒకరు నమ్మి అప్పగించిన సొమ్ము. న్యాసాన్ని వాడుకొన్నవాడు భోగానికి వాడినా, గుడికి వాడినా శాస్త్రం దృష్టిలో దోషి కాకపోడు. సంకల్పం పవిత్రమైనంత మాత్రాన పరుల ధనం తన ధనం కాదు. కనుక తానీషాను క్రూరునిగా చిత్రించడం న్యాయం కాదు. గోపన్న భక్తుడన్నది నిజం. పైకం లెక్క తేలలేదన్నదీ నిజమే. ఏ ప్రభువైనా అడుగవలసినదే అతడూ అడిగినాడు.

గోలకొండ కోటలో బాలాహిసారు వైపు ఎక్కే దారిలో ఆ బందిఖానా నేటికీ ఉన్నది. ఎత్తైన గోడలు, పైకప్పులోని రంధ్రం నుండి జారే కొద్ది వెలుగు. గోడమీద సీతారామలక్ష్మణుల, ఆంజనేయుని రూపాలు కనబడతాయి. రామదాసే తన చేతులతో చెక్కుకొన్నాడంటారు. పన్నెండేండ్లు అక్కడ ఉన్నాడని సంప్రదాయం. తానీషా ఏలినవే పదునైదేండ్లు గనుక, ఆ రాజ్యకాలంలో చాలభాగం ఈ చెరలోనే గడిచినదన్న మాట. ఉద్యోగం ఇప్పించిన మేనమామలు ఆ కోటలోనే ప్రధానులై ఉండియు విడిపించలేకపోయినారు. పలుకుబడి పదవి దాకా తీసుకొని పోగలిగినది. చెరసాల వాకిటి వద్ద ఆగిపోయినది.

ఆ చీకటిలో కొరడా దెబ్బలు తింటూ గోపన్న పాడిన కీర్తనలలో ఒకటి తెలుగువారందరికీ కంఠస్థం. అందులో ఆయన మరల తహసీల్దారు అయినాడు. లెక్క అప్పజెబుతాడు. భరతునికి పచ్చల పతకం, శత్రుఘ్నునికి బంగారు మొలత్రాడు, లక్ష్మణునికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, స్వామికి కలికితురాయి అంటూ చేయించినవాటిని వరుసగా చెప్పి, వాటికి ఇన్నేసి వేల వరహాలు పట్టినవని పద్దు చదువుతాడు. ఆపై కోపం పట్టలేక, ఇంత కులుకుతున్నావే, ఇది నీ తండ్రి దశరథుడు పెట్టినదా, మామ జనకుడు పంపినదా అన్న ధోరణిలో స్వామినే నిలదీస్తాడు.

ఆ ప్రశ్న వినగానే శ్రోతలు నవ్వుకొంటారు, చనువుకు మురిసిపోతారు. కాని అది రాముని కంటె అడిగినవానికే ఎక్కువ తగులుతుంది. గోపన్న నేలకొండపల్లిలో పెట్టినది తండ్రి సొమ్ము. గోలకొండలో పొందినది మామల కొలువు. భద్రాద్రిలో ఖర్చు చేసినది కాపుల పన్ను. నేను చేయించితిని, నేను చేయించితిని అని అన్ని నగల పద్దు చదివినవాని చేతిలో తాను ఆర్జించినది అనదగినది ఏమున్నది? కలిగినవారికి ఈ భ్రమ సహజం. చేతి మీదుగా పోయినదంతా తమ కష్టమని తోస్తుంది. పుట్టిన ఇల్లు, కలిసివచ్చిన బంధుత్వం, ఎక్కడో ఎండలో నిలిచినవాని శ్రమ పద్దులోకి ఎక్కవు. పరమభక్తుడైన గోపన్నకే అది తప్పలేదు.

అయితే కీర్తన అక్కడ ముగియలేదు. చివరికి ఆయన దిగివచ్చినాడు. దెబ్బలకు తాళలేక తిట్టితినని, మనస్సున పెట్టుకోవద్దని వేడుకొన్నాడు. తరువాత మరొక కీర్తనలో సీతమ్మ తల్లిని ఆశ్రయించి, తనను కాపాడమని స్వామితో ఏకాంతవేళ చెప్పమని ప్రార్థించినాడు. శ్రీవైష్ణవులు దీనినే పురుషకారమంటారు. చెడ్డ బిడ్డ పక్షాన తల్లి తండ్రితో మాట్లాడడం అది. మేనమామల మాటతో కొలువు పొందినవాడు చివరకు అమ్మ మాటనే ఆశ్రయించినాడు. కాని భేదమున్నది. మామల వద్దకు పోయినపుడు చదువు, వంశం, అర్హత చూపించుకొన్నాడు. అమ్మ వద్ద చూపుకొనడానికి ఏమీ లేదు. శరణాగతి శాస్త్రంలో దానికి ఆకించన్యమని పేరు. తనదంటూ ఏదీ లేదన్న ఎరుకయే అక్కడ అర్హత.

పిమ్మట ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు యువకులు తానీషా శయనాగారంలో నిలిచి, ఆరు లక్షలు కుప్పగా పోసి, పుచ్చుకొన్నట్లు చెల్లుచీటి వ్రాయించుకొని, దానిని చెరలో నిద్రిస్తున్న గోపన్న తలగడ క్రింద ఉంచి పోయినారని కథ. దీనిని భక్తరక్షణగానే అందరూ చెప్పుకొంటారు. కాని స్వామి చేసిన పని తీరు చూడండి. సంకెళ్లను ఊడగొట్టలేదు. గోడలను కూల్చలేదు. నా గుడికి పెట్టిన సొమ్ము గనుక మాఫీ చేయమని ప్రభువును అడుగలేదు. పైకం మొత్తం చెల్లించి రసీదు పుచ్చుకొన్నాడు. తన కిరీటంలోని తురాయి బొక్కసం సొమ్ముతో చేసినదని ఆయన ఎరుగును. ఋణం తీరితే గాని అది కానుక కాదు.

ఈ కథలో భక్తులను తరతరాలుగా కలవరపెట్టిన ముడి ఒకటున్నది. పన్నెండేండ్లు ఏడ్చిన గోపన్నకు ఆనాడు దర్శనం కాలేదు. ఏ తపస్సూ చేయని తానీషా కన్నులారా చూచినాడు. దీనికి సమాధానంగా లోకులు పూర్వజన్మ కథలు కల్పించుకొన్నారు. గోపన్న వెనుకటి జన్మలో చిలుకను పంజరంలో బంధించినాడని, తానీషా శివునికి అభిషేకం చేసి ఒక్క కుండ కొరతతో ఫలం పోగొట్టుకొన్నాడని అంటారు. కర్మసిద్ధాంతం కాదనరానిది. కాని ఈ కథల పుట్టుక చూస్తే ఒక్కటి తెలుస్తుంది. ఎవరికి ఏది వచ్చినా అది అతడు సంపాదించుకొన్నదే అయి ఉండవలెనని మానవుని మనస్సు పట్టుబడుతుంది. ఈ జన్మలో లెక్క కుదరకపోతే వెనుకటి జన్మ దస్తరాలు తిరగవేస్తుంది. రామదాసు కీర్తనలలో ఆ ఆరాటం సమసిపోయిన చోట్లే మిక్కిలి మధురమైనవి.

తానీషా భాగ్యం కూడ ఎక్కువ కాలం నిలువలేదు. అక్కన్న మాదన్నలు గోలకొండలోనే హతులైనారు. 1687లో ఔరంగజేబు సేనలు కోటను పట్టుకొన్నవి. చెరసాలకు యజమాని అయిన ప్రభువు తానే దౌలతాబాదు కోటలో బందీ అయి, అక్కడే కన్నుమూసినాడు. మామ ఇచ్చిన రాజ్యం అట్లు పోయినది.

విడుదలైన నాడు తానీషా క్షమాపణ చెప్పుకొని ఆ ఆరు లక్షలను గోపన్నకే ఇవ్వబోయినాడని ఒక కథనం. అప్పటికి గోపన్నకు ధనం విషయంలో తెలియవలసినది తెలిసినది. స్వామి హస్తం సోకిన నాణెములని రెండింటిని మాత్రం కన్నులకద్దుకొని పుచ్చుకొన్నాడు. మిగిలినది బొక్కసంలోనే ఉండిపోయినది. రామటెంకెలని పేరుపడిన ఆ నాణెములను, రామదాసు చేయించిన నగలను భద్రాచల దేవస్థానం భద్రపరచి యాత్రికులకు చూపుతుంది. చింతాకు పతకం ముందు జనం గుమిగూడి నిలుస్తారు. దమ్మక్క తాటాకు పందిరి ఉండినచోట ఇప్పుడు రాతి గోపురం ఉన్నది.