భయానక చిత్రకథల ప్రకాశకుడు విలియం గెయిన్స్

గ్రంథములు రచించువారికిని, అచ్చొత్తించువారికిని కీర్తి లభించుట సహజము. వానిని చెదలకును, నిప్పునకును చిక్కకుండ దాచినవారిని లోకము అంతగా తలంపదు. అమెరికా దేశీయుడగు విలియం గెయిన్స్ అచ్చొత్తించినవాడును, దాచినవాడును తానే అయ్యెను. ఆయన దాచినవి కావ్యములు కావు, శాస్త్రగ్రంథములును కావు. పది సెంట్ల వెలకు అంగళ్లలో అమ్ముడుపోయిన బొమ్మల కథల పుస్తకములు. అందును ప్రేతములతోను, హత్యలతోను నిండిన భయానక కథలు.

గెయిన్స్ 1922 మార్చి 1వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. తండ్రి మాక్స్ గెయిన్స్ ఆ దేశమున బొమ్మల కథల పుస్తకములను మొదట వ్యాప్తికి దెచ్చినవారిలో నొకడు. బైబిలు కథలను, చరిత్రను, విజ్ఞానమును బొమ్మల మూలమున బోధింపవలెనని ఆయన ఇ.సి. అను సంస్థను నెలకొల్పెను. కుమారునకు ఆ వ్యాపారముపై మక్కువ లేకుండెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైన్యమున పనిచేసి వచ్చి, రసాయనశాస్త్రోపాధ్యాయుడు కావలెనని న్యూయార్కు విశ్వవిద్యాలయమున చదువుచుండెను. 1947 ఆగస్టులో తండ్రి పడవ ప్రమాదమున మరణించెను. ఇరువదియైదేండ్ల ప్రాయమున, నష్టములో నున్న సంస్థ ఆయన తలపై బడెను.

1950లో ఆయన ఆల్ ఫెల్డ్‌స్టీన్ అను చిత్రకారునితో గలసి, ‘క్రిప్ట్ ఆఫ్ టెర్రర్’, ‘వాల్ట్ ఆఫ్ హారర్’, ‘హాంట్ ఆఫ్ ఫియర్’ అను మూడు భయానక కథాపత్రికలను వెలువరించెను. మొదటిది కొలది మాసములకే ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’ అను పేరు దాల్చెను. దాని తొలి సంచికపై 17వ సంఖ్య యుండుట నేటికిని సేకర్తలు ముచ్చటించుకొను విషయము. క్రొత్త పత్రికకు తపాలా అనుమతి రుసుము మరల చెల్లింపకుండుటకై పాత పత్రిక వరుససంఖ్యనే కొనసాగించిరి.

ఒక్కొక్క సంచికలో సాధారణముగా నాలుగు కథలుండెడివి. గెయిన్స్ రాత్రులు మేలుకొని పుస్తకములు చదివి, తోచిన కథాబీజములను ఉదయమున ఫెల్డ్‌స్టీన్‌కు చెప్పెడివాడు. అన్యాయము చేసినవానిని ఆ అన్యాయమే వింతరూపమున కబళించుట ఆ కథలలో తరచుగా కానవచ్చు నీతి. చిత్రకారులు తమ బొమ్మలపై పేరు వ్రాసికొనుటకు ఆయన సమ్మతించెను. అందుచే జాక్ డేవిస్, గ్రాహం ఇంగెల్స్ వంటివారు పాఠకులకు పేరుపేరున పరిచితులైరి.

అయితే ఆ బొమ్మలు బీభత్సములు. తలిదండ్రుల కలవరము నిష్కారణమైనది కాదు. 1948 నుండియే కొన్ని ఊళ్లలో బొమ్మల కథల పుస్తకములను కుప్పలు పోసి తగులబెట్టిరి. 1954లో ఫ్రెడరిక్ వర్థామ్ అను మానసిక వైద్యుడు, బాలుర నేరములకు ఇట్టి పుస్తకములు కారణమని వాదించుచు గ్రంథము ప్రకటించెను. ఆ ఏడు ఏప్రిల్ 21వ తేదీన సెనేటు ఉపసంఘము న్యూయార్కున విచారణ జరిపెను. గెయిన్స్ తనంత తానుగా పోయి సాక్ష్యమిచ్చెను. తెగిన స్త్రీ శిరస్సు గల ముఖచిత్రమును చూపి అది సభ్యమేనా యని అడుగగా, భయానక పత్రికకు తగినదేయని బదులు చెప్పెను. ఆ మాట ఆయనకు పెద్ద అపకీర్తి దెచ్చెను. ఆ సంవత్సరముననే ప్రకాశకుల సంఘము కట్టుదిట్టమైన నియమావళిని విధించి, పత్రికల పేర్లలో ‘హారర్’, ‘టెర్రర్’ అను పదములనే నిషేధించెను. మూడు పత్రికలును ఆగిపోయెను.

1956లో ఒక కథయందలి నల్లజాతి వ్యోమయాత్రికుని మార్పవలెనని నియమావళి అధికారి పట్టుబట్టగా, గెయిన్స్ లొంగక కథను యథాతథముగా ప్రకటించెను. పిమ్మట బొమ్మల కథల పుస్తకములను మాని, 1952లో మొదలైన ‘మాడ్’ అను హాస్యపత్రికతోనే జీవితాంతము నిలిచెను.

ఆ భయానక పత్రికలు చౌక కాగితముపై అచ్చయినవి. చాలమట్టుకు పసుపుబారి చిరిగిపోయెను; మరికొన్ని తల్లుల చేతులలో చెత్తబుట్టల పాలయ్యెను. గెయిన్స్ మాత్రము ప్రతి సంచికనుండి ఇంచుమించు డజను ప్రతులను చుట్టి, కట్టలు గట్టి భద్రపరచియుండెను. అచ్చైన పిదప మూలచిత్రములను పారవేయుట నాటి ముద్రణాలయముల వాడుక కాగా, ఆయన వానినిగూడ దాచెను. నాటి బాలురు పెద్దవారై తమ చిన్ననాటి పుస్తకములను వెదకనారంభించిరి. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ పాత సంచికల వెలల పట్టిక ప్రకటించెను. తరువాత రస్ కాక్రన్ అను ప్రకాశకుడు ఆ కథలన్నిటిని గట్టి అట్టల సంపుటములుగా మరల అచ్చొత్తించెను. గెయిన్స్ దాచిన ప్రతులును క్రమముగా సేకర్తలకు చేరెను. వానిని నేటికిని ఆయన పేరనే పిలుతురు. ఆయన 1992 జూన్ 3వ తేదీన కాలధర్మము నొందెను.

దాచుటవలన మేలు గెయిన్స్ పక్షమునకే కాక, సత్యమునకును గలిగెను. వర్థామ్ కాగితములు అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమున భద్రముగా నుండెను. 2010లో అవి పరిశోధకులకు లభింపగా, కారొల్ టిల్లీ అను గ్రంథాలయశాస్త్ర పండితురాలు వానిని పరిశీలించి, ఆయన పిల్లల మాటలను మార్చియు, విడిచియు తన వాదమునకు అనుకూలముగా దిద్దుకొనెనని 2012లో వెల్లడించెను. ఆ పత్రికలన్నియు పసివారికి తగినవని దీనివలన తేలదు. కాని ఒకవైపు పుస్తకములును, మరొకవైపు వానిని నిందించినవాని కాగితములును నిలిచియుండుటచేతనే ఆ తగవు మరల న్యాయముగా విచారింపబడెను. తగులబెట్టిన ప్రతులకు ఆ అవకాశము లేకపోయెను. గ్రామమున చిన్న బీరువాతో నడచు గ్రంథాలయమైనను, నేడు ఎవరికిని పట్టని పుస్తకమును దులిపి, అట్టవేసి నిలుపుటవలన చేయుచున్న సేవ ఇట్టిదే.