డోరతీ కేరీ అమ్మగారి జీవితము



విలియం కేరీగారి పేరు తెలియని బాప్టిస్టు కుటుంబము లేదు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడినది వారి శ్రీరాంపూర్ ప్రెస్సు నుండే. అయితే ఆయన భార్య డోరతీగారిని గూర్చి మనము చెప్పుకొనేది తక్కువ. చెప్పినా, సేవకు అడ్డుపడిన భార్య అని ఒక్క మాటతో దాటవేస్తాము. అది న్యాయము కాదు. యానాం విడిచి, భర్త వెంట ఊరు గాని ఊరు వచ్చిన మన ఆడపడుచులకు ఆమె కథ బాగా తెలియాలి.

డోరతీగారు ఇంగ్లాండులో పల్లెటూరి మనిషి. 1781లో వివాహమైన నాటికి వ్రాయడం రాదు, రిజిస్టరులో గుర్తు మాత్రమే పెట్టారు. ఇద్దరు ఆడపిల్లలను పసితనములోనే పోగొట్టుకొన్నారు. 1793లో కేరీగారు ఇండియాకు బయలుదేరినప్పుడు ఆమె నిండు గర్భిణి, రానన్నారు. ఓడ ఆలస్యమగుటచే కేరీగారు తిరిగి వచ్చి బ్రతిమాలితే, చెల్లెలు తోడు వస్తేనే వస్తానని ఒప్పుకొన్నారు. ఒడిలో నెల దాటిన పసికందుతో అయిదు నెలల సముద్ర ప్రయాణము!

కలకత్తాలో డబ్బు లేదు, నిలకడైన ఇల్లు లేదు, పైగా విరేచనాల జబ్బు. 1794లో బెంగాలు లోపల ముద్నాబాటి నీలిమందు ఫ్యాక్టరీకి చేరారు. ఆ యేడే అయిదేళ్ల పీటరు జ్వరముతో మరణించాడు. కులము పట్టింపు వలన ఆ బిడ్డను మోయుటకు మనుషులు దొరకడమే కష్టమైనది.

ఆ తరువాత ఆమె మనస్సు చెదిరినది. భర్త పరస్త్రీలతో ఉన్నాడని అనుమానము. ఆయన వెంటబడి నలుగురిలో దూషించేవారు. చివరకు గదిలో ఉంచవలసి వచ్చినది. ప్రక్క గదిలో కేరీగారు తర్జుమా చేసుకొనేవారు. 1800లో శ్రీరాంపూర్ వెళ్లారు. 1954 వరకు మన యానాం ఫ్రెంచివారి క్రింద ఉన్నట్లే, ఆ ఊరు అప్పట్లో డేనిష్‌వారిది. ఇంగ్లీషు కంపెనీ తన ప్రాంతములో మిషనరీలను రానిచ్చేది కాదు.

కేరీగారిని నేను తప్పుపట్టను. ఆనాడు ఈ జబ్బుకు మందు లేదు. నేడు ఉన్నది. అయినా మన ఇండ్లలో నిద్ర పట్టక, అన్నము మాని, లేనిపోని అనుమానము పెంచుకొన్న స్త్రీని చూచి దయ్యమనీ, విశ్వాసము చాలదనీ అనేవారు లేకపోలేదు. ఆ అనుమానముతో వాదిస్తే అది తగ్గదు, ఔనని తల ఊపినా తగ్గదు. ఆమె భయమును ఓపికగా విని, మానసిక వైద్యుని వద్దకు వెంట వెళ్లాలి. ప్రార్థన చేయండి, మాత్ర కూడా వేయించండి. ఇండియాలో ఉన్నవారు టెలి మానస్ 14416కు ఉచితముగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

డోరతీగారు పండ్రెండేండ్లు అలాగే బాధపడి, 1807 డిసెంబరు 8న శ్రీరాంపూర్‌లో కన్నుమూశారు. స్వదేశము మరల చూడలేదు.