గుర్తుకు రావడం ఎలా జరుగుతుంది? హెర్బర్ట్ సైమన్ వెతికిన దారి

1935లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఆటస్థలాల ఖర్చు మీద రెండు శాఖలు తగువులాడుకుంటున్నాయి. పిల్లల్ని ఆడించే సిబ్బందికి డబ్బు కావాలని స్కూలు బోర్డు, మైదానాల నిర్వహణకు కావాలని పనుల శాఖ. ఆ వ్యవహారాన్ని పరిశీలించిన హెర్బర్ట్ సైమన్ అదే ఊళ్లో పుట్టినవాడు, షికాగో విశ్వవిద్యాలయం విద్యార్థి. ప్రతి డాలరూ ఎక్కడ ఎక్కువ ఫలితమిస్తుందో లెక్కగట్టాలని ఆర్థికశాస్త్రం చెబుతుంది. అక్కడ ఎవరూ ఆ లెక్క వేయడం లేదు. ఎవరికి కనిపించిన మేరకు వాళ్లు నిర్ణయించేస్తున్నారు.

సైమన్ జీవితమంతా ఈ గమనిక చుట్టూనే తిరిగింది. మనిషికి సమయం తక్కువ, సమాచారం తక్కువ, బుర్రలో పట్టే లెక్కా తక్కువే. అందుకే అన్నిటికన్నా మంచిదాని కోసం వెతకడు, సరిపోయేది దొరగ్గానే ఆగుతాడు. పెళ్లి సంబంధాలు చూసిన ఏ ఇంటివాళ్లయినా దీన్ని ఒప్పుకుంటారు. సంస్థల్లో నిర్ణయాలపై చేసిన ఈ కృషికే 1978లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఆలోచన ఇలాగే సాగుతుందని చూపించాలంటే అలా ఆలోచించే ప్రోగ్రామ్ రాయాలని ఆయన పట్టుదల. 1956 జనవరిలో, కంప్యూటర్ మీద ఇంకా నడవని ప్రోగ్రామ్‌ను భార్యాపిల్లలకూ విద్యార్థులకూ కార్డులు పంచి నడిపించారు. ఒక్కొక్కరూ ఒక్కో భాగం. అలెన్ న్యూవెల్, క్లిఫ్ షాలతో కలిసి చేసిన ఆ 'లాజిక్ థియరిస్ట్' తర్వాత యంత్రం మీద 52 సిద్ధాంతాల్లో 38 నిరూపించింది.

నా దృష్టిలో ఇంతకన్నా గొప్పది 'ఎపామ్'. శిష్యుడు ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో చేసిన ఈ ప్రోగ్రామ్ అర్థంలేని అక్షరాల గుంపుల్ని బట్టీ పట్టేది. ఒకదాన్ని మరోదాని నుంచి వేరు చేయడానికి ఎన్ని ప్రశ్నలు చాలునో అన్నే దాచుకునేది. అదే పోలికతో కొత్తది వచ్చిందా, పాత దారి తప్పేది. అంటే మరిచిపోయింది చెరిగిపోలేదు, దాని దగ్గరికి చేరే దారే చాలలేదు. ఆ ఫైగెన్‌బామ్ 1994లో ట్యూరింగ్ అవార్డు పంచుకున్నది చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డితో. సైమన్ పనిచేసిన కార్నెగీ మెలన్‌లోనే రాజ్ రెడ్డి కూడా ఆచార్యుడు.

పదేళ్లలో కంప్యూటర్ ప్రపంచ చెస్ చాంపియన్ అవుతుందని 1957లో సైమన్ జోస్యం చెప్పారు. నలభై ఏళ్లు పట్టింది. 1997లో కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ సెకనుకు దాదాపు 20 కోట్ల స్థితుల్ని తిరగేసేది, సైమన్ మనుషుల్లో చూసిన పద్ధతికి పూర్తి విరుద్ధంగా. అదీ చూసి, 2001 ఫిబ్రవరిలో 84 ఏళ్ల వయసులో పిట్స్‌బర్గ్‌లో ఆయన కన్నుమూశారు.