రంగుటద్దముల కిటికీలో కెప్టెన్ స్కాట్

ఇంగ్లండులో షేక్స్పియర్ మహాకవి పుట్టిన స్ట్రాట్‌ఫర్డు పట్టణమునకు సమీపమున బింటన్ అను కుగ్రామము కలదు. ఆ ఊరి సెయింట్ పీటర్ చర్చిలో 1915లో అమర్చిన రంగుటద్దముల కిటికీ ఒకటి ఉన్నది. చర్చి కిటికీలలో సాధారణముగా ఏసుక్రీస్తు చరిత్రయో, పరిశుద్ధుల చరిత్రయో కనిపించును. ఇందులో మంచునేలపై నడచిన ఈ కాలపు మనుష్యులు కనిపింతురు. అది దక్షిణ ధ్రువయాత్రలో మరణించిన రాబర్టు ఫాల్కన్ స్కాట్‌కును, ఆయన సహచరులకును స్మారకము. ఆనాటి ఆ చర్చి గురువు స్కాట్ భార్యయైన క్యాథలీన్‌కు సోదరుడు.

స్కాట్ 1868 జూన్ 6వ తేదీన ప్లిమత్ రేవు ప్రాంతమున జన్మించి, పదమూడవ యేటనే నౌకాదళమున చేరెను. 1901 మొదలు 1904 వరకు డిస్కవరీ నౌకలో దక్షిణ ధ్రువఖండమునకు వెళ్లివచ్చి ప్రసిద్ధుడయ్యెను. 1910లో టెర్రానోవా నౌకపై మరల బయలుదేరెను. కిటికీలోని నాలుగు చిత్రములును ఈ రెండవ యాత్రను గూర్చినవే. మొదటిది వీడ్కోలు.

రెండవదియే మమ్ము ఎక్కువగా ఆకర్షించును. 1912 జనవరి 17న స్కాట్, విల్సన్, బోవర్సు, ఓట్సు, ఎడ్గార్ ఇవాన్సు అను ఐదుగురు ధ్రువమును చేరిరి. కాని నార్వే దేశీయుడైన అముండ్సెన్ అంతకు 34 దినములు ముందుగనే అచట జెండా పాతియుండెను. స్మారకములు కట్టువారు సాధారణముగా ఓటమిని మరుగుపరతురు. బింటన్‌వారు దానిని అద్దములో నిలిపిరి.

తిరుగుదారిలో ఇవాన్సు ఫిబ్రవరి 17న మరణించెను. ఓట్సు పాదములు మంచుకు చెడిపోయెను. తాను వెంట ఉన్నంతకాలము తక్కిన ముగ్గురును బ్రదుకజాలరని ఎరిగి, మార్చి నెలలో ఒకనాడు అతడు మంచు తుపానులోనికి తానే నడచిపోయెను. మూడవ చిత్రము ఇదియే.

ఈ ఓట్సును గూర్చి మరియొక సంగతి చెప్పవలెను. 1911లో, తిరుగుదారికి కావలసిన ఆహారమును 80వ దక్షిణ అక్షాంశము వద్ద నిల్వ చేయవలెనని స్కాట్ తలచెను. బరువులు మోయు గుఱ్ఱములు నీరసించగా, వానిని చంపియైనను ముందుకు సాగుదమని, గుఱ్ఱములను చూచుకొనుచుండిన ఓట్సు సలహా ఇచ్చెను. స్కాట్ మూగజీవులపై జాలితో ఒప్పుకొనక, 50 కిలోమీటర్లకు పైగా ఇవతలనే నిల్వ నుంచెను. మరుసటి యేడు విల్సన్, బోవర్సులతో ఆయన కడపటి గుడారము వేసినది ఆ నిల్వకు 18 కిలోమీటర్ల దూరముననే! తొలుత తలచిన చోట నుంచియుండినచో వారు దానిని ముందే చేరియుందురు. కీడునకు కారణము ఇదొక్కటియే కాదు. ఆ యేటి చలి మిక్కుటము. నిల్వలలోని కిరసనాయిలు డబ్బాలనుండి కారి కొరతపడెను. అయినను, మనుష్యుల ప్రాణములు తన చేతనున్న నాయకుడు ఆనాడు ఓట్సు మాట వినవలసియుండెనని మేము తలంతుము. గుఱ్ఱములను చంపనొల్లనివానిని నిందించుటకు మాత్రము మాకు నోరాడదు.

స్కాట్ మార్చి 29 వరకు దినచర్య వ్రాసెను. నవంబరు 12న వెదకవచ్చినవారు గుడారమును కనుగొని, దానినే ముగ్గురిపై కప్పి, పైన మంచుగుట్ట పేర్చిరి. నాలుగవ చిత్రము అది. వారు లాగుకొని వచ్చిన బండిపై సుమారు 16 కిలోల రాళ్లుండెను. అంత ఆకలిలోను వారు వానిని పారవేయలేదు. అందు గ్లాసోప్టెరిస్ అను ప్రాచీన వృక్షపు ఆకుల శిలాజములు కలవు. ఆ జాతి ఆకుల ముద్రలే మన గోదావరి లోయలోని బొగ్గుపొరలందును దొరకును. దక్షిణ ధ్రువఖండమును, మన దేశమును ఒకప్పుడు కలసియుండెననుటకు అవి సాక్ష్యములు.