శత్రువుల బిడ్డల కొరకు బోనెక్కిన స్త్రీ: కుమారి ఎగ్లంటైన్ జెబ్

సిరియా దండువారు ఇశ్రాయేలు దేశముమీద పడి చెరగొనిపోయిన ఒక చిన్నదానిని మీరెరుగుదురు. రాజుల రెండవ గ్రంథము ఐదవ అధ్యాయములో ఆమె నయమాను భార్యయొద్ద పనిపిల్లగా కనబడును. నయమాను కుష్ఠము బాగుపడిన సంగతి ఆదివారపు బడిలో ఏటేట చెప్పుకొందుము గాని, ఆ చిన్నదాని తలిదండ్రులేమైరో, ఆమె తిరిగి ఇల్లు చేరెనో లేదో మనలో ఎవరును అడుగరు. ఆమె పేరు కూడ మనకు తెలియదు. యుద్ధము పిల్లలను ఏమి చేయునని అడిగి, స్వయముగా వెళ్ళి చూచి, చూచినది వ్రాసిపెట్టిన వారు లోకములో మిక్కిలి ఆలస్యముగా బయలుదేరిరి. వారిలో ముందు నడచిన ఒక స్త్రీ చరిత్రను ఈ నెల మీ ముందుంచుచున్నాము.

ఎగ్లంటైన్ జెబ్ 1876వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన ఇంగ్లండులోని ష్రాప్‌షైరు సీమలో, ఎల్స్‌మియరు అను ఊరి దగ్గర, కలిగిన కుటుంబములో జన్మించెను. ఆక్స్‌ఫర్డులో చరిత్ర చదివెను. బీదపిల్లల బడిలో ఉపాధ్యాయినిగా కొంతకాలము పనిచేసెను గాని, ఆ పని ఆమెకు పొసగలేదు. ఆరోగ్యమును చెడెను. పిల్లల నడుమ మెలగుట ఆమెకు సహజముగా వచ్చిన గుణము కాదు. ఆమె వివాహము చేసికొనలేదు, బిడ్డలను కనలేదు. ఈ మాట ఎందుకు చెప్పుచున్నామనగా, పిల్లలయెడల మురిపెము గలవారు మాత్రమే పిల్లల పనికి తగుదురని మన సంఘములలో ఒక తలంపు కలదు. జెబ్ కుమారికి ఉన్నది మురిపెము కాదు, న్యాయబుద్ధి. అదియే ఎక్కువ దూరము నడచినదని మాకు తోచుచున్నది.

తరువాత ఆమె కేంబ్రిడ్జి పట్టణములో తల్లితో కాపురముండి, ఆ ఊరి బీదల స్థితిగతులను విచారించి, 1906లో ఒక గ్రంథము ప్రచురించెను. జాలిపడుటకు ముందు సంగతి తెలిసికొనవలెనను అలవాటు ఆమెకు అక్కడనే పట్టుబడెను. 1913లో బాల్కను యుద్ధము చెదరగొట్టిన కాందిశీకులకు సహాయము పంచుటకై మాసిడోనియాకు వెళ్ళెను. యుద్ధము ఇండ్లు విడిపించిన కుటుంబములను, వారి పిల్లలను ఆమె కన్నులార చూచినది అప్పుడే.

మరుసటి యేడు మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. ఆమె చెల్లెలు డొరతీ బక్స్‌టన్ ప్రభుత్వపు అనుమతితో శత్రుదేశముల పత్రికలను తెప్పించి, అందలి వార్తలను ఇంగ్లీషులోనికి మార్చి, కేంబ్రిడ్జ్ మేగజైన్ అను పత్రికలో అచ్చువేయించుచుండెను. జెబ్ కుమారియు ఆ పనిలో చేరెను. శత్రువుల ఇండ్లలో ఏమి జరుగుచున్నదో ఇంగ్లండువారికి చెప్పుట ఆ దినములలో మెప్పు పొందు పని కాదు.

1918 నవంబరు 11న ఫిరంగులు ఆగెను గాని, ఇంగ్లండు, దాని మిత్రరాజ్యములు సముద్రపు దారిని వెంటనే విడువలేదు. సంధి జరుగువరకు శత్రుదేశములకు ఆహారపు ఓడలు స్వేచ్ఛగా పోలేదు. యుద్ధము ముగిసినదని గంటలు మ్రోగిన తరువాత కూడ వియన్నా పట్టణములో పిల్లలు పాలులేక చిక్కిపోవుచుండిరి. ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరపోయినవారును, క్షయ పట్టినవారును లెక్కకు మించియుండిరి. తుపాకి ముట్టని పిల్లలే తుపాకులు మౌనమైన పిదప చనిపోవుచుండిరి.

1919 వసంతములో జెబ్ కుమారి లండనులోని ట్రఫాల్గర్ స్క్వేరులో నిలువబడి, ఆకలితో కృశించిన ఒక ఆస్ట్రియా పసిబిడ్డ ఛాయాచిత్రముగల కరపత్రములను పంచెను. ప్రభుత్వపు సెన్సారువారికి చూపకుండ అచ్చువేసినందుకు పోలీసులు ఆమెను పట్టుకొనిరి. కోర్టులో ఆమె తన వాదన తానే చెప్పుకొనెను. చట్టప్రకారము నేరము రుజువాయెను. ఐదు పౌండ్ల జరిమానా పడెను. ఆమెకు విరోధముగా వాదించిన సర్కారు న్యాయవాది సర్ ఆర్చిబాల్డ్ బాడ్కిన్, విచారణ ముగిసిన తరువాత, తన జేబునుండి ఐదు పౌండ్లు తీసి ఆమె చేతిలో పెట్టెను. పిల్లల నిధికి మొదటి చందా అదియే యని చెప్పుదురు.

1919 మే 19న లండనులోని ఆల్బర్టు హాలులో మహాసభ జరిగి, ఆ నిధి స్థాపింపబడెను. సేవ్ ది చిల్డ్రన్ అని నేటికిని దాని పేరు. సభకు వచ్చినవారిలో కొందరు, శత్రువుల బిడ్డలకు కూడు పెట్టుమను ద్రోహులమీద విసరుటకు కుళ్ళిన ఆపిలు పండ్లు తెచ్చిరట. వారి కోపమును మనము తేలికగా త్రోసివేయరాదు. కొడుకును యుద్ధములో పోగొట్టుకొన్న తల్లిని, నీ కొడుకును చంపినవాని బిడ్డకు పాలిమ్మని అడుగుట చిన్న సంగతియా? జెబ్ కుమారి అడిగినది అదియే.

ఆమె ఆంగ్లికను సంఘమునకు చెందినది. అయినను రోముకు వెళ్ళి పోపు పదునైదవ బెనెడిక్టును కలిసికొనెను. ఆయన హేరోదు చంపించిన బేత్లెహేము శిశువుల జ్ఞాపకదినమైన డిసెంబరు 28న పిల్లల కొరకు కానుక పట్టవలెనని తన సంఘములకు అప్పటికే ఆజ్ఞ పంపియుండెను. 1920లో జెనీవా పట్టణములో అంతర్జాతీయ సమితి ఏర్పడెను. 1921లో రష్యాలో ఘోరమైన కరవు రాగా, ఆ నిధివారు ఓడలమీద ధాన్యము పంపి లక్షలకొలది పిల్లలకు దినదినము అన్నము పెట్టిరి. పత్రికలలో పెద్ద ప్రకటనలకు, సినిమా చిత్రమునకు చందా డబ్బు వాడుచున్నదని కొందరు ఆమెను నిందించిరి. కంటితో చూడనివాడు చేయి చాపడని ఆమె ఎరుగును.

1923లో ఆమె పిల్లల హక్కులను ఐదు చిన్న సూత్రములుగా కూర్చెను. ఆపద వచ్చినప్పుడు సహాయము మొదట అందవలసినది పిల్లలకే యనునది వానిలో ఒకటి. నానాజాతి సమితి 1924 సెప్టెంబరు 26న వానిని అంగీకరించెను. ఎంతో కాలముగా ఆమె కంఠమణి రోగముతో బాధపడుచుండెను. శస్త్రచికిత్సలు జరిగినను ఫలింపలేదు. 1928 డిసెంబరు 17న, 52 యేండ్ల ప్రాయమున, జెనీవాలో నిద్రించెను.

హైదరాబాదులో అశోక్ నగర్ సందులలో, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ చుట్టుప్రక్కల, మన పల్లెలనుండి వెళ్ళిన యౌవనస్థులు సర్కారు కొలువుల పరీక్షలకు రాత్రింబగళ్ళు చదువుచుందురు. మీ పిల్లలును అక్కడ అద్దెగదులలో ఉండవచ్చును. వారు వల్లెవేయు తేదీలలో బాలల హక్కుల ఒడంబడిక ఒకటి: ఐక్యరాజ్యసమితి 1989లో చేసినది, భారతదేశము 1992లో చేరినది. ఆ ఒడంబడికకు మూలము జెబ్ కుమారి వ్రాసిన ఐదు సూత్రములే. పదునైదేండ్లు నిండని బిడ్డను సేనలో చేర్చుకొనరాదని అందులో వ్రాసిరి. మొజాంబికు దేశపు గ్రాసా మాషెల్ యుద్ధభూములు తిరిగి విచారించి, 1996లో ఐక్యరాజ్యసమితికి నివేదిక సమర్పించెను. అంతకు ముందు పదేండ్లలో యుద్ధములలో 20 లక్షల మంది పిల్లలు చనిపోయిరని అందులో చూపెను. 2000లో మరియొక పత్రము చేరి, నేరుగా పోరాటమునకు దింపుటకు వయస్సు పదునెనిమిదికి పెరిగెను. దానికి భారతదేశము 2005లో సమ్మతించెను.

ఆ 2005లోనే మన పొరుగున దంతెవాడ అడవులలో మావోయిస్టులకును సల్వాజుడుముకును నడుమ పోరు ముదిరెను. వేలమంది ఆదివాసులు ఊళ్ళు విడిచి, నాటి ఖమ్మము జిల్లాలోనికి వచ్చిరి. మన నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా అధ్యక్షతనున్న జాతీయ బాలల హక్కుల సంఘమువారు 2007 డిసెంబరులో దంతెవాడకును, ఖమ్మమునకును వెళ్ళి ఆ పిల్లల స్థితిని విచారించిరి. 2008లో హ్యూమన్ రైట్స్ వాచ్ అను సంస్థయు అక్కడివారితో మాటలాడి నివేదిక వ్రాసెను. పసివారిని బాలసంఘములలో చేర్చి పెద్దయైన కొలది దళములోనికి తీసికొనినవారు ఒకవైపు. ఈడురాని పిల్లలను ప్రత్యేక పోలీసులుగా వాడుకొన్నవారు మరియొకవైపు. ఏ పక్షమును అది విడిచిపెట్టలేదు. ఆదివాసి యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా దింపుట రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

వచ్చినవారిలో అనేక కుటుంబములు భద్రాద్రి కొత్తగూడెము, ములుగు జిల్లాల అడవుల అంచున ఉండిపోయినవి. చుట్టుపట్ల వారిని గుత్తికోయలందురు. తల్లి చంకనెక్కి సరిహద్దు దాటిన ఆనాటి పసిబిడ్డలకు ఇప్పుడు ఇరువది యేండ్ల వయస్సు.