ఆడవాళ్ళ సీటు అడగని అభ్యర్థి

నేను డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ యూనియన్ ఎన్నికలంటే పెళ్ళివారి సందడే. గోడలనిండా పేర్లు, క్లాసు క్లాసుకీ తిరిగి దణ్ణాలు. అందులో ఆడపిల్లలకని విడిగా ఒక పదవి ఉండేది, లేడీస్ రిప్రజెంటేటివ్. నేను సెక్రటరీ పదవికి నామినేషన్ కాగితం తెచ్చుకుంటే నవ్వినవాళ్ళలో మగపిల్లలకంటే నా స్నేహితురాళ్ళే ఎక్కువ. మనకో సీటుందిగా, ఇదెందుకే అన్నారు. కాగితం మడిచి పుస్తకంలో పెట్టేశాను. చాలా ఏళ్ళ తర్వాత, చరిత్ర పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాక, ఎలిజబెత్ గారెట్ జీవితం చదివితే ఆ కాగితమే గుర్తుకొచ్చింది.

ఎలిజబెత్ 1836లో లండన్‌లో పుట్టి, ఆల్డ్‌బరో అనే సముద్రతీరపు ఊళ్ళో పెరిగింది. తండ్రి వర్తకుడు. డాక్టరు కావాలని పట్టుబట్టిన ఆమెకు ఏ వైద్య కళాశాలా తలుపు తీయలేదు. మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో నర్సుగా చేరి పాఠాలు వింటుంటే, అక్కడి విద్యార్థులే అర్జీ పెట్టి సాగనంపారు. చివరకు అపోతికరీల సంఘం నియమావళిలో ఆడవాళ్ళు కూడదని ఎక్కడా లేదని కనిపెట్టింది. 1865లో పరీక్ష నెగ్గి లైసెన్సు సంపాదించింది. ఆమె వెనక మరొకతె రాకుండా ఆ సంఘం నిబంధనలే మార్చేసింది! 1866లో లండన్‌లోని మేరిల్‌బోన్ ప్రాంతంలో పేద స్త్రీలకూ పిల్లలకూ డిస్పెన్సరీ తెరిచింది. 1870లో పారిస్‌లో ఎం.డి. పట్టా పుచ్చుకుంది.

ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు ప్రాథమిక విద్యా చట్టం చేసింది. బడులు చాలని చోట్ల స్కూల్ బోర్డులను ఎన్నుకోవాలి, అవి పన్ను డబ్బుతో బడులు నడపాలి. పార్లమెంటుకు ఓటు వేసే హక్కే లేని స్త్రీలు, పన్ను కట్టేవారైతే, బోర్డుకు ఓటు వేయవచ్చు. స్త్రీలు పోటీ కూడా చేయవచ్చు. డిస్పెన్సరీకి వచ్చే రోగుల భర్తలూ తండ్రులూ, రెక్కల కష్టం మీద బతికేవాళ్ళు, వచ్చి ఆమెను నిలబడమన్నారు. 34 ఏళ్ళ ఆ డాక్టరమ్మకు సభల్లో మాట్లాడాలంటే బెరుకు. అయినా సరేనంది.

మేరిల్‌బోన్‌కు 7 స్థానాలు. ఓటరుకు 7 ఓట్లు. ఏడూ ఒక్కరికే గుద్దేసినా చెల్లుతాయి. ఆ పద్ధతి ఆమెకు కలిసొచ్చిందనే అనుకోండి, కానీ అది అందరికీ ఉన్న వీలే కదా! పోటీలో ఉన్నవారిలో సుప్రసిద్ధ శాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ ఒకడు. 1870 నవంబరు 29న ఎన్నిక జరిగింది. రెండో స్థానంలో నిలిచిన హక్స్‌లీకి 13,494 ఓట్లు, ఎలిజబెత్‌కు 47,858. లండన్ మొత్తంలో ఎవరికీ అన్ని రాలేదు. గ్రీనిచ్ నుంచి ఆమె స్నేహితురాలు ఎమిలీ డేవిస్ కూడా గెలిచింది. 49 మంది సభ్యుల బోర్డులో ఆడవాళ్ళు ఇద్దరే.

తన ఎన్నికల కమిటీ అధ్యక్షుడు స్కెల్టన్ ఆండర్సన్‌ను 1871లో పెళ్ళాడింది, వైద్యం మాత్రం మానలేదు. 1873లో బోర్డు నుంచి తప్పుకుంది. 1883 నుంచి 1902 వరకు లండన్ స్త్రీల వైద్య పాఠశాలకు డీన్‌గా పనిచేసింది. మన దేశపు తొలి మహిళా డాక్టర్లలో ఒకరైన రఖ్మాబాయి చదివింది అక్కడే. 1908లో ఆల్డ్‌బరో మేయరై, ఇంగ్లండులో ఆ పదవి పొందిన తొలి స్త్రీ అయింది. 1917 డిసెంబరు 17న కన్నుమూసింది. 30 ఏళ్ళు దాటిన స్త్రీలలో చాలామందికి పార్లమెంటు ఓటు ఇస్తూ చట్టం వచ్చింది 1918 ఫిబ్రవరిలో. రెండు నెలల తేడాలో ఆమె దాన్ని చూడలేకపోయింది.

విడిగా సీట్లు ఉండకూడదని నేననను. మన పంచాయతీల్లో వేలాది స్త్రీలు కాలు పెట్టింది రిజర్వేషన్ తెరిచిన వాకిట్లోంచే. కానీ ఆ వాకిలి చూపించి తక్కిన తలుపులన్నీ మూసేయడం అన్యాయం. మేరిల్‌బోన్ కూలిజనం ఆడదని ఓటు వేయలేదు, తమ పిల్లల జబ్బులు నయం చేసిన మనిషని వేశారు.

మిత్రులారా, రేపెప్పుడైనా మీ పక్క బెంచీ అమ్మాయి ఏ పదవికైనా నిలబడతానంటే, నవ్వే ముందు ఒక్క క్షణం ఆగండి. అమ్మాయీ, నువ్వు మాత్రం ఆ కాగితం నాలాగా మడిచి పుస్తకంలో పెట్టకు.